లగ్జరీ బండి, కోఠీ బేరం

మనవాళ్ళకి బేరమాడటం రాదంటే నేనొప్పుకోను. కోఠీలో దుప్పట్ల దగ్గర, బెజవాడ వన్‌టౌన్‌లో చీరల దగ్గర, చెప్పిన ధరలో సగానికి మొదలెట్టి, "ఇస్తే ఇవ్వు, లేకపోతే లేదు" అని నాలుగడుగులు వేసి, వెనక నుంచి "రండమ్మా, రండి" అనే పిలుపు కోసం చెవులు రిక్కించే జాతి మనది. అలాంటివాళ్ళు అమెరికా వచ్చాక డెబ్భై వేల డాలర్ల ఎస్‌యూవీ కొనడానికి వెళ్ళి, నాలుగ్గంటలు కూర్చుని, వెయ్యి డాలర్లు తగ్గించామని సంబరపడుతూ బయటికొస్తారు. అంతకు రెండింతలు వెనక గదిలో సమర్పించుకున్న సంగతి చాలామందికి ఎప్పటికీ తెలీదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త లగ్జరీ ఎస్‌యూవీ మంచి ధరకి రావాలంటే మాటకారితనం అక్కర్లేదు. కావలసినవి రెండే. ఒకటి, చివరికి మన జేబులోంచి పోయే మొత్తం ఎంత అన్న ఒక్క అంకె తప్ప ఇంకేదీ మాట్లాడకపోవడం. రెండు, కుర్చీలోంచి లేచి వచ్చేయగలగడం. మొదటిది ఒక్క సాయంత్రంలో నేర్చుకోవచ్చు. రెండోదే మనవాళ్ళకి కష్టం.

కోఠీ బేరం ఇక్కడెందుకు పనిచెయ్యదు? అక్కడ ఉన్నది ఒకే అంకె. దుప్పటి ఎంత? అంతే. కార్ల డీలరు దగ్గర నాలుగుంటాయి: బండి ధర, మన పాత బండికి వాళ్ళు కట్టే విలువ, డౌన్ పేమెంటు, నెలవారీ వాయిదా. ఒక కాగితాన్ని నాలుగు గళ్ళు చేసి వీటిని రాసే పద్ధతి ఎప్పట్నించో ఉంది, ఆ వ్యాపారంలో దాన్ని 'ఫోర్ స్క్వేర్' అనే పిలుస్తారు. ఇప్పుడు చాలాచోట్ల కాగితం పోయి టాబ్లెట్ వచ్చింది గానీ ఆట అదే. మనం ఒక గడిలో అంకె తగ్గించమని పట్టుబడితే నవ్వుతూ తగ్గిస్తారు, పక్క గడిలో పెంచుతారు. నాలుగు వేరియబుల్స్ ఉన్న సమీకరణంలో మనం ఒకదాన్నే చూస్తూ కూర్చుంటే మిగతా మూడూ వాళ్ళిష్టం.

అందుకే షోరూంలో "నెలకి ఎంతైతే మీకు బావుంటుంది?" అని చాలా మర్యాదగా అడుగుతారు. దానికి జవాబు చెప్పామా, అయిపోయిందే! లెక్క చూడండి. డెబ్భై వేల అప్పు, ఏడు శాతం వడ్డీ. 72 నెలలకైతే నెలకి సుమారు 1,193 డాలర్లు. "అమ్మో, ఎక్కువ" అన్నామనుకోండి, 84 నెలలు చేసి 1,056 అంటారు. నెలకి 137 తగ్గింది, మనం గెలిచాం! నిజానికి మొత్తం వడ్డీ దాదాపు 15,900 నుంచి 18,700కి పెరిగింది. బండి ధరలో ఒక్క డాలరు కూడా తగ్గలేదు.

ఇహ స్టిక్కర్ల సంగతి. బండి అద్దానికి అంటించి ఉండే ధరల కాగితం 1958 నాటి ఫెడరల్ చట్టం పుణ్యం. ఓక్లహోమా సెనేటర్ మైక్ మన్రోనీ తెచ్చిన చట్టం కాబట్టి దాన్ని మన్రోనీ స్టిక్కర్ అంటారు. కంపెనీ సూచించిన ధర, ఫ్యాక్టరీలో బిగించిన ఆప్షన్ల ధర, రవాణా ఖర్చు అందులో విడివిడిగా ఉంటాయి. (రవాణా ఖర్చు మీద బేరం అనవసరం. బీఎండబ్ల్యూ ఎక్స్5 తయారయ్యేది సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్ దగ్గర. ఫ్యాక్టరీ పక్క ఊళ్ళో కొన్నా, కాలిఫోర్నియాలో కొన్నా ఆ ఖర్చు ఒకటే వేస్తారు.)

చాలాసార్లు దాని పక్కనే ఇంకో స్టిక్కరు ఉంటుంది. అది డీలరు సొంత సాహిత్యం. తలుపుల అంచులకి ప్లాస్టిక్ బద్దీ, రంగు మీద పూత, టైర్లలో నైట్రోజన్... ఒక్కోదానికి కొన్ని వందలు. మామూలు గాలిలో ఎలాగూ 78 శాతం నైట్రోజనే కదండీ! 2021, 2022 సంవత్సరాల్లో చిప్పుల కొరత వచ్చినప్పుడు 'మార్కెట్ ఎడ్జస్ట్‌మెంట్' అని పేరు పెట్టి కంపెనీ ధర మీద వేల డాలర్లు అదనంగా గుంజారు. ఇవి కాక కాగితాల పనికని 'డాక్ ఫీ' ఒకటి. 2025లో కాలిఫోర్నియాలో దానికి చట్టం పెట్టిన పరిమితి 85 డాలర్లు. ఫ్లోరిడాలో అసలు పరిమితే లేదు. ఒక్కొక్కదాని మీదా వాదన పెట్టుకుంటే తెల్లారిపోతుంది.

అందుకే అన్నీ కలిపిన 'ఔట్ ద డోర్' ధర ఒక్కటే అడగాలి. పన్ను, రిజిస్ట్రేషను, ఫీజులు, అలంకారాలు అన్నీ కలిపి, నేను చెక్కు మీద రాయాల్సిన అంకె ఎంత? అదీ షోరూంకి వెళ్ళకుండా, రాతపూర్వకంగా.

మొన్నామధ్య మా బావమరిది మూడు వరసల సీట్ల లగ్జరీ బండి కొంటానని, "బావా, ఈ బేరం సంగతి నువ్వు చూడు" అన్నాడు. మోడలు, రంగు, ఆప్షన్లు రాసి, పాత బండి మాట ఎత్తకుండా, చుట్టుపక్కల ఆరుగురు డీలర్లకి ఒకే ఈమెయిలు పంపాను. ఇద్దరు సూటిగా అంకె ఇచ్చారు. ముగ్గురు "రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నారు, మళ్ళీ అడిగితే వాళ్ళలో ఇద్దరు దిగొచ్చారు. ఒకాయన జవాబే ఇవ్వలేదు. చేతికొచ్చిన నాలుగు అంకెల్లో కిందకీ పైకీ తేడా 4,300 డాలర్లు! అదే ఫ్యాక్టరీ, అదే బండి. అన్నిటికన్నా తక్కువ ధరని ఇంటికి దగ్గరున్న డీలరుకి పంపితే, దానికి ఇంకో మూడొందలు కలిపి ఒప్పుకున్నాడు. మొత్తం పని రెండు సాయంత్రాలు.

ఇంత తేడా ఎలా వస్తుందంటే, డీలర్లు కంపెనీ ఉద్యోగులు కాదు, సొంత వ్యాపారులు. రాష్ట్రాల ఫ్రాంచైజీ చట్టాల వల్ల పాత కంపెనీలు చాలావరకు వీళ్ళ ద్వారానే అమ్మాలి. (నేరుగా అమ్మే టెస్లా దగ్గర ఈ బేరాల గొడవ లేదు.) డీలరు కంపెనీకి కట్టే 'ఇన్వాయిస్' ధర కూడా ఆఖరి మాట కాదు. కొన్ని కంపెనీలు అమ్మిన ప్రతి బండికీ కొంత శాతం 'హోల్డ్‌బ్యాక్' పేరుతో వెనక్కిస్తాయి, నెలకో మూణ్ణెల్లకో ఇన్ని బండ్లమ్మితే ఇంత బోనస్ అంటాయి. ఇంకో మూడు బండ్లమ్మితే బోనస్ అందే డీలరుకి నెలాఖరున మన బండి మీద లాభం లేకపోయినా ఫర్వాలేదు. ఆ డీలరు ఎవరో మనకి తెలీదు. అందరినీ అడిగితే తనే బయటపడతాడు.

ఈమెయిలు పద్ధతిని నేను గట్టిగా సమర్థించడానికి ఇంకో కారణం ఉంది. ఇయాన్ ఏర్స్, పీటర్ సీగెల్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు చికాగో ప్రాంతపు డీలర్ల దగ్గరికి రకరకాల మనుషులకి ఒకే మాటలు నేర్పించి బేరానికి పంపారు. 1995లో ఫలితాలు ప్రచురించారు. అవే మాటలన్నా తెల్ల మగవాళ్ళకి ఒక ధర, ఆడవాళ్ళకీ నల్లవాళ్ళకీ అంతకన్నా ఎక్కువ ధర చెప్పారని తేలింది. 2003లో వచ్చిన మరో అధ్యయనం ప్రకారం, ఇంటర్నెట్ ద్వారా ధర తెప్పించుకుని కొన్న మైనారిటీలకి ఆ తేడా చాలావరకు పోయింది. ఈమెయిల్లో మొహం కనబడదు, యాస వినబడదు. నిన్నగాక మొన్న వచ్చి, ఎదుటివాడి ఇంగ్లీషుకి తడబడుతూ తలూపే కుర్రాడికి ఇంతకన్నా మంచి ఆయుధం ఏముంటుంది?

ధర కుదిరాక అసలు గది మొదలవుతుంది. ఫైనాన్స్ మేనేజరు గది. బ్యాంకు డీలరుకి ఇచ్చే వడ్డీ ఒకటి, డీలరు మనకి చెప్పే వడ్డీ ఇంకొకటి కావచ్చు. మధ్యలోది డీలరు వాటా, అదీ చట్టబద్ధమే. డెబ్భై వేల మీద 72 నెలలకి ఆరు శాతం బదులు ఏడు శాతం రాయించుకుంటే తేడా సుమారు 2,400 డాలర్లు. బయట వెయ్యి కోసం నాలుగ్గంటలు పోట్లాడిన మనిషి ఇక్కడ అయిదు నిమిషాల్లో సంతకం పెట్టేస్తాడు, అప్పటికి అలిసిపోయి ఉంటాడు కాబట్టి. విరుగుడు తేలికే: ముందే ఏదైనా క్రెడిట్ యూనియన్లో అప్పు మంజూరు చేయించుకుని, ఆ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళడం. లీజుకైతే 'మనీ ఫాక్టర్' అని 0.0025 లాంటి అంకె చెప్తారు, చూస్తే ఎంతో చిన్నగా ఉంటుంది. 2400 పెట్టి గుణిస్తే ఆరు శాతం! వారంటీలు, పూతలు "నెలకి నలభయ్యే" అన్నప్పుడల్లా నెలల సంఖ్యతో గుణించుకోవాలి.

ప్రభుత్వం చూసుకుంటుందిలే అనుకోడానికీ లేదు. ధర మొత్తం ముందే చెప్పాలి, పనికిరానివి అంటగట్టకూడదు అంటూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 డిసెంబరులో ఒక నిబంధన ప్రకటించింది. అమల్లోకి రాకముందే డీలర్ల సంఘాలు కోర్టుకెళ్ళాయి. కమిషన్ పాటించాల్సిన పద్ధతి పాటించలేదని 2025 జనవరిలో ఐదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది.

"అంత డబ్బు పెట్టి లగ్జరీ బండి కొంటూ ఈ కక్కుర్తి ఏంటి?" అంటాడు నా స్నేహితుడొకడు. కక్కుర్తి ఎలా అవుతుంది? అడగనివాడు ఎక్కువ కట్టి, అడిగినవాడికి తగ్గింపు సమకూరుస్తున్నాడు. అమ్మే కుర్రాడితో మాత్రం మర్యాదగా ఉండాలి, ఈ ధరలు నిర్ణయించేది అతను కాదు. గొంతు పెంచడం, వేరే డీలరు ఇచ్చాడని అబద్ధం చెప్పడం నాకు నచ్చవు, అవసరమూ లేదు.

ఇప్పుడు రెండో సంగతి, లేచి రావడం. మనవాళ్ళు షోరూంలో అడుగుపెట్టేసరికే బండి కొనేసి ఉంటారు, మనసులో. రంగు పిల్లలు ఎంచేశారు. ఊర్నించి అత్తగారూ మామగారూ వస్తున్నారు. ఆదివారం పదిన్నరకి ముహూర్తం, గుళ్ళో వాహన పూజకి టోకెన్ తీసుకున్నారు, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు కూడా ఫ్రిజ్‌లో ఉన్నాయి. శనివారం సాయంత్రం అయిదింటికి ఆ కుర్చీలో కూర్చున్నవాడు ఎలా లేస్తాడు? ముందు ధర, ఆ తర్వాతే ముహూర్తం. పంతుల్ని అడిగితే వచ్చే వారం కూడా మంచి రోజు ఉందనే చెప్తారు.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. మనలో చాలామంది హెచ్1బి మీద ఉన్నవాళ్ళు. ఉద్యోగం పోతే మామూలుగా దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. 84 నెలల అప్పు మీద కొన్న లగ్జరీ బండి మొదటి రెండు మూడేళ్ళలో తరిగే అప్పు కన్నా వేగంగా విలువ కోల్పోతుంది. ఆ సమయంలో అమ్ముకుని దేశానికి వెళ్ళాల్సొస్తే, బండి ఇచ్చేసి పైన ఎదురు డబ్బు కట్టాలి. 2022, 2023 లేఆఫుల్లో ఇల్లూ కారూ రెండూ నెత్తిన పెట్టుకుని ఉద్యోగాలు వెతుక్కున్నవాళ్ళని మనం చూశాం. వాళ్ళలో బేరం బాగా ఆడి కొన్నవాళ్ళూ ఉన్నారు. అయిదు వేలు తగ్గించి కొన్నంత మాత్రాన అది మన స్థోమతకి తగిన బండి అయిపోదు.

కాబట్టి నా సలహా ఇది. ఈమెయిళ్ళు పంపే ముందే ఒక కాగితం మీద రెండు అంకెలు రాసుకోండి. మీరు ఇవ్వదలుచుకున్న మొత్తం ధర ఒకటి. జీతం ఆగిపోతే ఇంటి ఖర్చులతో పాటు ఈ వాయిదా ఎన్ని నెలలు కట్టగలరో రెండోది. ఆ రెండోది ఆరు కన్నా తక్కువైతే ఈ ఏడాదికి పాత బండినే సర్వీసింగ్ చేయించుకోండి. ఆ రెండో అంకె గట్టిగా ఉన్నవాడు షోరూంలో నోరు మెదపకుండా కూర్చున్నా మంచి ధర వస్తుంది, ఎందుకంటే వాడు నిజంగానే లేచి వెళ్ళిపోగలడని అవతలివాళ్ళకి తెలిసిపోతుంది.