రేగడి త్రవ్వకమునకు గంట బాడుగ తగదు

రేగడి పొలములలో మురుగు కాలువలు, నీటికుంటలు జేసీబీ యంత్రముతో త్రవ్వించుకొను రైతులు గంట లెక్కన బాడుగ చెల్లించుచున్నారు. ఎఱ్ఱ చల్కలలో ఈ పద్ధతి కొంతవఱకు న్యాయమే. బంకమట్టిలో మాత్రము ఇది రైతు చేతిసంచిని ఖాళీచేయు పద్ధతి యని మా యభిప్రాయము. తడిసిన రేగడి బకెట్టులోనికి వచ్చును గాని దానిని విడువదు. ఆపరేటరు బకెట్టును ఆడించును, నేలకు కొట్టును, మరల నాడించును. మన్ను రాలదు, బాడుగ పెరుగుచుండును, బకెట్టు పిన్నులును అఱుగును.

రేగడిలోని బంక రేణువులు పలుచని పొరలుగా నుండును. నీరు ఆ పొరల నడుమ చేరి వానిని ఉబ్బించును. ఎండినప్పుడు అదే మన్ను కుదించుకొని, నెఱ్ఱెలు వాఱి, బకెట్టు పండ్లకు లొంగని పెళ్లలగును. ఈ రెంటికి నడుమ నున్నదే పదును. నాగలికి పదును చూచు రైతు యంత్రమునకేల చూడరాదు? త్రవ్వదలచిన లోతునుండి గడ్డపారతో మన్ను పెకలించి నిమ్మకాయంత ఉండ చేయవలెను. అది చేతికి అంటుకొనినచో ఆనాడు యంత్రమును పిలువరాదు. ఉండకట్టి, నొక్కినంతనే పగిలినచో పిలువవచ్చును. పైమన్ను చూచి తీర్పు చెప్పుట మోసము, అది ముందే ఆఱును.

మన ప్రాంతమున చెరువుల యంచులే ఇందుకు సాక్ష్యము. 1908 మూసీ వరదల పిమ్మట ఈసీ నదిపై కట్టి 1927లో ముగించిన హిమాయత్ సాగరము మొదలు చిన్న కుంటల వఱకు, నీరు తగ్గినకొలది ఒడ్డు పైపొర పెచ్చుకట్టును, అడుగున బంక మెత్తగానే యుండును. 2015లో మొదలిడిన మిషన్ కాకతీయలో గ్రామ చెరువుల పూడిక యెండకాలముననే తీసిరి. త్రవ్వకపు ఖర్చు ప్రభుత్వము భరింపగా రైతులు తోలకపు ఖర్చు భరించి మట్టిని పొలములకు చేర్చుకొనిరి. చెరువునకు కాలము చూచిన మనము సొంత పొలమున వానలోనే యంత్రమును దించి చక్రములు దిగబడ జేసికొనుచున్నాము!

తప్పనిసరియైనచో ఇఱుకు బకెట్టు మాని వెడల్పుదానిని అడుగవలెను. సగమే నింపుట, లోపల నీరు చల్లుట, నడుమ నడుమ పొడిమన్ను ఎత్తించుట మేలు. అంటిన మన్నును పారతో గీకుటకు బకెట్టును నేలకు దించి ఇంజను ఆపవలెను. ఎత్తిన బకెట్టు క్రింద కూలివానిని నిలుపుట పని కాదు, ప్రాణముతో చెలగాటము. నిలువెత్తు కందకములో ఊతపలకలు లేక మనిషిని దింపరాదు, త్రవ్విన మన్నును అంచుననే పోయరాదు. నెఱ్ఱె వాఱిన గోడ హెచ్చరింపకయే కూలును. ఇక మురుగు కాలువ విషయము: బకెట్టు రుద్దిన గోడ కుండవలె నునుపై ఊటను లోనికి రానీయదు, గావున పండ్లతో గీఱించవలెను.

సహకార సంఘములు యంత్రములను కుదుర్చునప్పుడు కాలువకు గజము లెక్కనను, కుంటకు ఘనపు కొలతనుబట్టియు వెల నిర్ణయింపవలెనని మేము కోరుచున్నాము. రేగడికి చల్కకంటె హెచ్చు వెల యడుగుదురు, ఇచ్చుట న్యాయమే. అట్లయిన అదను కాని దినమున పనికి వచ్చుటకు యంత్రపు యజమానియే వెనుదీయును. దరఖాస్తులో సర్వే నంబరుతోపాటు నేల రకమును వ్రాయించినచో, చల్కల వారికి వానల తెఱపులలోను, రేగడి వారికి సంక్రాంతి దాటి పదును కుదిరినపుడును వంతులు వేయవచ్చును.