సంతకం తర్వాతి పని

ఒకే సంఘంలో చీలిన రెండు వర్గాలను ఒక బల్ల దగ్గరికి తేవడమే మనకు తలకు మించిన పని. ఇక తుపాకులు పట్టిన వర్గాల మధ్య సమాధానం కుదర్చడమంటే మాటలా? దక్షిణ సూడాన్‌నే చూద్దాం.

2011 జూలై 9న స్వతంత్రమైన ఆ దేశంలో క్రైస్తవులే ఎక్కువ. అధ్యక్షుడు సల్వా కీర్ కేథలిక్, ఆయనతో తలపడిన రియెక్ మచార్ ప్రెస్బిటేరియన్. ఇద్దరూ బైబిలు ఎరిగినవారే! అయినా 2013 డిసెంబరులో రాజధాని జూబాలో రేగిన పోరు డింకా, నూయెర్ తెగల మధ్య రక్తపాతంగా మారింది. 2015లో సంతకాలయ్యాయి. 2016 జూలైలో నాయకులిద్దరూ అధ్యక్ష భవనం లోపల మాట్లాడుకుంటూ ఉండగానే బయట వారి అంగరక్షకులు కాల్పులకు దిగారు. ఎవరి సైన్యం వారి గుప్పిట్లోనే ఉంది మరి. ‘ముందు నువ్వు ఆయుధం దించు’ అంటే ‘ముందు నువ్వు’ అనే బేరం దగ్గరే సమాధానం ఆగిపోతుంది. 2018 ఒప్పందం ప్రకారం 83 వేలమందితో ఒకే సైన్యం ఏర్పడాలి. అందులో తొలి విడత శిక్షణ ముగిసేసరికే 2022 ఆగస్టు వచ్చింది.

2019 ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఆ నాయకుల ముందు మోకరించి వారి పాదాలు ముద్దుపెట్టుకున్నారు. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు గుర్తుకు రానిదెవరికి? మరుసటి ఏడు ఐక్య ప్రభుత్వమూ ఏర్పడింది. కానీ 2025 మార్చిలో మచార్‌ను గృహనిర్బంధంలో ఉంచారు, సెప్టెంబరులో ఆయనపై విచారణ మొదలైంది.

మాకు ఎక్కువ నేర్పేది మాత్రం 1999లో వున్లిట్ అనే గ్రామంలో జరిగిన సభ. అప్పటికి దేశం ఇంకా విడిపోలేదు. అక్కడి సంఘాల సమాఖ్య డింకా, నూయెర్ పెద్దలను పిలిపించింది. ముందుగా ఒప్పంద పత్రం పెట్టలేదు. ఎవరి గాయాలు వారు రోజుల తరబడి బాహాటంగా చెప్పుకున్నారు, ఎదుటివారు కూర్చుని విన్నారు. ఆ తర్వాతే పశువుల మేత, నీళ్లు, ఎత్తుకుపోయిన స్త్రీలను, పిల్లలను తిరిగి అప్పగించడం అన్నీ మాట్లాడుకున్నారు. తెల్ల ఎద్దును బలి ఇచ్చారని వింటే మనలో కొందరికి ఇబ్బంది కలగవచ్చు. లాబాను, యాకోబు రాళ్ల కుప్ప వేసి, దాన్ని దాటి ఒకరికొకరు కీడు చేయరాదని ఒట్టు పెట్టుకున్నప్పుడు యాకోబు బలి అర్పించి అందరినీ భోజనానికి పిలిచాడు గదా (ఆది 31). మామా అల్లుళ్లకు ఒకరిపై ఒకరికి నమ్మకం కుదిరిందని అక్కడ రాసి లేదు. అందుకే సాక్ష్యం కావలసి వచ్చింది.

ఈ ఆదివారం జూబా నాయకుల కోసం ప్రార్థించేటప్పుడు, ఆ బీళ్లలో మందలు తోలుకెళ్లే కుర్రవాళ్లనూ, ఇంకా ఇల్లు చేరని స్త్రీలనూ కూడా ప్రభువు ఎదుట జ్ఞాపకం చేద్దాం.