చల్లదనం వెనక వేడి

ఇంట్లో ఫ్రిజ్ వెనకవైపో, పక్కగోడ మీదో ఓసారి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగులుతుంది. లోపలున్న కూరగాయల్లోంచి, పాలగిన్నెలోంచి లాగిన వేడే అది. దానికి కంప్రెషర్ తిన్న కరెంటు కూడా తోడవుతుంది. ఫ్రిజ్ వేడిని మాయం చెయ్యదు, చోటు మారుస్తుందంతే.

ఆ ఫ్రిజ్‌నే పాల డెయిరీ అంత పెద్దదిగా ఊహించుకోండి. ఆళ్లగడ్డ వైపు పల్లెల్లో పితికిన పాలైనా, నంద్యాల పక్కన పితికినవైనా త్వరగా 4 డిగ్రీలకు దించకపోతే విరిగిపోతాయి. 35 డిగ్రీల పాలు వెయ్యి లీటర్లు చల్లబరిస్తే దాదాపు 35 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి బయటపడుతుంది. కంప్రెషర్ వాడే 11, 12 యూనిట్లూ కలిపితే 46. ఇదంతా మామూలుగా కూలింగ్ టవర్ దగ్గర గాల్లో కలిసిపోతుంది. ఊరికే పోదు, 70 లీటర్ల దాకా నీళ్లను ఆవిరి చేసి మరీ పోతుంది. సీమలో నీళ్ల విలువ వేరే చెప్పాలా!

తమాషా ఏమిటంటే, గోడకు ఇవతల బాయిలర్ మండుతూనే ఉంటుంది. క్యాన్లు, ట్యాంకులు, పైపులు కడగడానికి వేడినీళ్లు కావాలి మరి. అవి సరిగా కడగకపోతే మర్నాటి పాలు చెడతాయి, నష్టం రైతు దాకా వస్తుంది.

ఈ పొదుపు డెయిరీలకు కొత్తేమీ కాదు. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు కాచిన పాలు బయటికి వస్తూ, లోపలికి వెళ్లే చల్లటి పాలను వెచ్చబరుస్తాయి. కంప్రెషర్ దగ్గరా అలాంటిదే చెయ్యొచ్చు. అక్కణ్నుంచి వెలువడే అమ్మోనియా వాయువు చాలాసార్లు వంద డిగ్రీలు దాటి ఉంటుంది. దారిలో డీసూపర్‌హీటర్ అమర్చి, పక్కనుంచి నీళ్లు పారిస్తే 60 డిగ్రీల దాకా కాగుతాయి.

అత్యాశ మాత్రం వద్దు. అంత వేడిగా దొరికేది మొత్తంలో సుమారు పదో వంతే. అంటే వెయ్యి లీటర్ల పాలకు 130 లీటర్ల వేడినీళ్లు. మిగతాదంతా 35, 40 డిగ్రీల గోరువెచ్చని సరుకు. చలిదేశాల్లో పది డిగ్రీల కుళాయి నీళ్లకు అదీ లాభమే. నంద్యాల ఎండల్లో మేడమీది ట్యాంకు నీళ్లే అంతకంటే వేడి! దాన్ని మరో కంప్రెషర్‌తో పైకెత్తే హీట్ పంపులున్నాయి కానీ, వాటి కరెంటు ఖర్చుకూ బాయిలర్ ఇంధనం ఖర్చుకూ లెక్క చూసుకోవాలి.

ఇంకో సంగతి. పాలు వచ్చేది పొద్దునా సాయంత్రమూ, కడుగుడు ఆ తర్వాత. కాబట్టి వేడి పోకుండా పొర చుట్టిన ట్యాంకు తప్పనిసరి. అమ్మోనియా నీళ్లలోకి కారకుండా మధ్యలో రెండు పొరల గోడ కూడా ఉండాలి, అక్కడ పైసలు మిగుల్చుకోవాలని చూడకూడదు.