గాలిలో తెలుగుకు మూడింతల సుంకం

షార్ట్‌వేవ్ రేడియోలో ముల్లు జరుపుతూ పోతే అక్కడక్కడ కీచురాళ్ళ కచేరీ వంటి ధ్వని వినబడుతుంది. తెలియనివారు రొద అనుకొని దాటిపోతారు. అది రొద కాదు, రాత. రేడియో ఎదుట కంప్యూటరు పెట్టి, ఎఫ్‌ఎల్‌డిజి వంటి ఉచిత సాఫ్టువేరును తెరిస్తే ఆ ధ్వనే అక్షరాలై తెరపై వరుసకడుతుంది. అంతర్జాలం అక్కరలేదు. రెంటినీ కలిపే తీగ లేకున్నా, మైకుకు వినబడితే చాలు.

ఇది ఔత్సాహికుల ఆటగానే మిగిలిపోలేదు. 2013లో వాయిస్ ఆఫ్ అమెరికా 'వీఓఏ రేడియోగ్రామ్' అనే కార్యక్రమంలో వార్తాపాఠాలను ఇలా ధ్వనిగా మార్చి ప్రసారం చేసింది. దాని నిర్వాహకులు కిమ్ ఆండ్రూ ఇలియట్. 2017లో అది ఆగిన తరువాత ఆయనే 'షార్ట్‌వేవ్ రేడియోగ్రామ్' పేరిట ప్రైవేటు కేంద్రాల నుండి కొనసాగించారు. అందులో తరచుగా వాడిన ఎంఎఫ్‌ఎస్‌కే32 పద్ధతిలో 16 స్వరాలుంటాయి. వేగం నిమిషానికి సుమారు 120 ఆంగ్లపదాలు. మనిషి మాట పోల్చుకోలేనంత గరగరలో కూడా పాఠం చాలావరకు చక్కగా దిగుతుంది.

'ఆంగ్లపదాలు' అన్నాను. నా అభ్యంతరమంతా అక్కడే ఉన్నది.

మోర్సు సంకేతాలలో ఆంగ్లపు 'ఇ'కి ఒకే చుక్క. 1998లో పీటర్ మార్టినెజ్ పీఎస్‌కే31 పద్ధతిని వెలువరించినపుడు అదే సూత్రాన్ని పాటించారు. తరచుగా వచ్చే చిన్న 'ఇ'కి రెండే బిట్లు, అరుదైన పెద్ద 'జడ్'కు పది. మరి తెలుగు? యూటీఎఫ్-8లో ప్రతి హల్లుకూ, ప్రతి గుణింతపు గుర్తుకూ మూడేసి బైట్లు. 'తెలుగు' అన్న మాటకు 18 బైట్లు. ఆంగ్లలిపిలో రాస్తే 6. ఆ 18లో 12 బైట్లు దాదాపుగా 'వచ్చేది తెలుగే సుమా' అని ఆరుమార్లు వల్లించడానికే సరిపోతాయి. వేగవంతమైన అంతర్జాలంలో ఈ సుంకం ఎవరికీ తెలియదు, గాలిలో తెలుస్తుంది. పైగా మూడింటిలో ఒక్క బైటు చెడినా అక్షరం గల్లంతు. ఒకప్పుడు ఖతులు లేక మనం చూసిన డబ్బాల వంటివే మళ్ళీ ప్రత్యక్షం.

ఆర్టీఎస్‌లో పంపుకోరాదా అని మిత్రులు అడగవచ్చు. ఆంగ్లాక్షరాలు అలవాటైనవారి మధ్య నిక్షేపంగా పంపుకోవచ్చు. కాని 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినపుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అటువంటి రోజున తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషికి ఆంగ్లలిపిలో అందిన హెచ్చరిక అందీ అందనట్టే.

విరుగుడు అసాధ్యమేమీ కాదు. యూనికోడులో తెలుగుకు కేటాయించినవి 128 స్థానాలు. ఆస్కీ మొత్తం కలిపినా 128 స్థానాలే. 'ఇక తెలుగు' అని ఒక్కమారు చెప్పి, ఆపైన అక్షరానికొక్క బైటు పంపితే మూడింతల భారం తొలగిపోతుంది. యూనికోడ్ వారి ఎస్‌సీఎస్‌యూ అనే కుదింపు పద్ధతి సారాంశం ఇదే. ఇంకొక అడుగు వేసి, తెలుగులో తరచుగా వచ్చే గుర్తులకు పొట్టి సంకేతాలు, అరుదైనవాటికి పొడుగాటివి ఇచ్చుకోవచ్చు. ఏ గుర్తు ఎంత తరచుగా వస్తుందో లెక్కించడానికి ఇన్నేళ్ళుగా మనం రాసిన టపాలే చాలు. పంపేవారి వద్దా అందుకునేవారి వద్దా ఒకే పట్టిక ఉండాలి, అంతే.

ఆ పట్టికను మనకోసం ఇంకెవరో తయారుచేస్తారని నేననుకోను.