రహదారిపై పోలీసు వాహనాల వేగం, లారీల మధ్య లేన్ క్రమశిక్షణ: ఒక పరిశీలన

పాకాల: చిత్తూరు - తిరుపతి మార్గంలో, పాకాలకు సమీపంలోని పూతలపట్టు మండలం పి.కొత్తకోట వద్ద 2022 జూలై 24వ తేదీ ఆదివారం తెల్లవారుజామున జరిగిన ప్రమాదం పోలీసు వర్గాలను తీవ్రంగా కలచివేసింది. మాదకద్రవ్యాల కేసు దర్యాప్తు నిమిత్తం బెంగళూరు నుంచి వచ్చిన శివాజీనగర్ పోలీసు బృందం ప్రయాణిస్తున్న ఇన్నోవా వాహనం అదుపు తప్పడంతో ఒక సబ్ ఇన్‌స్పెక్టర్, ఒక కానిస్టేబుల్, వాహన డ్రైవర్ మరణించారు. మరికొందరు గాయపడ్డారు. మూడేళ్ల తర్వాత 2025 జూలై 26న, అదీ తెల్లవారుజామునే, విజయవాడ - హైదరాబాద్ జాతీయ రహదారిపై చౌటుప్పల్ సమీపంలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన ఇద్దరు డీఎస్పీలు విధి నిర్వహణలో ఉండగానే మృతి చెందారు. వారి స్కార్పియో డివైడర్‌ను ఢీకొని అవతలి మార్గంలో పడగా, ఎదురుగా వస్తున్న లారీ దానిని ఢీకొన్నది.

ఈ రెండు ఘటనలకు కారణాలు ఒకటేనని చెప్పడం ఈ పరిశీలన ఉద్దేశం కాదు. అయితే రెండింటిలోనూ సమానంగా కనిపించే అంశాలున్నాయి. రెండూ జాతీయ రహదారులపై జరిగినవే. రెండూ రాత్రి ప్రయాణం ముగింపునకు వచ్చే వేళ జరిగినవే. రెండింటిలోనూ ప్రాణాలు కోల్పోయినవారిలో, ఇతరులను నెమ్మదిగా నడపమని చెప్పవలసిన శాఖకు చెందినవారున్నారు.

పాకాల ప్రాంతపు రోడ్ల స్వభావాన్ని ముందుగా గమనించవలసి ఉంది. కర్నూలు - చిత్తూరు రహదారి (పాత 18వ నెంబరు, నేటి 40వ నెంబరు జాతీయ రహదారి), తిరుపతి నుంచి వచ్చే 140వ నెంబరు జాతీయ రహదారి పూతలపట్టు వద్ద కలుస్తాయి. రాత్రంతా నడిచే సరుకు లారీలు, తిరుమలకు వెళ్లే యాత్రికుల బస్సులు, కార్లు, కాణిపాకం వెళ్లే భక్తుల వాహనాలు ఒకే రోడ్డును పంచుకుంటాయి. మామిడి కాపు రోజుల్లో దామలచెరువు మార్కెట్‌కు కాయలు తెచ్చే ట్రాక్టర్లు, గుజ్జు కర్మాగారాల ముందు బారులు తీరే లారీలు వీటికి తోడవుతాయి. వెనుక దీపం లేని ట్రాక్టర్ ట్రాలీ, రోడ్డు మార్జిన్‌లో నిలిపిన లారీ ఈ ప్రాంతంలో రాత్రి ప్రయాణం చేసేవారికి కొత్త దృశ్యాలు కావు. రోడ్డు విస్తరణతో వేగం పెరిగింది గాని, దాన్ని వాడుకునేవారి అలవాట్లు అంత త్వరగా విస్తరించలేదు.

పోలీసులు వేగంగా వెళ్లవలసిన అవసరం లేదని ఈ ప్రాంతంలో ఎవరూ అనలేరు. శేషాచలం అడవుల నుంచి ఎర్రచందనం దుంగలను తరలించే ముఠాలు వేగాన్నే ఆయుధంగా చేసుకున్నాయి. 2024 ఫిబ్రవరి 6న అన్నమయ్య జిల్లా కె.వి.పల్లె మండలంలో స్మగ్లర్ల కారును ఆపబోయిన కానిస్టేబుల్‌ను అదే కారుతో తొక్కించి చంపిన ఉదంతం విదితమే. అలాంటి వాహనాన్ని వెంబడించే బృందాన్ని వేగ పరిమితి పాటించమని చెప్పడం హాస్యాస్పదమవుతుంది. కాగా, పోలీసు వాహనాల ప్రయాణాల్లో వెంబడింపులు చాలా స్వల్పం. నిందితుణ్ణి తేవడానికి, సాక్షిని విచారించడానికి, కోర్టు వాయిదాకు, ప్రముఖుల బందోబస్తుకు, సమీక్షా సమావేశానికి చేసే ప్రయాణాలే అధికం. వీటిలో గంట ఆలస్యమైతే కలిగే నష్టం పరిమితమే. అయినప్పటికీ వెంబడింపు కోసం అలవడిన వేగమే ఈ మామూలు ప్రయాణాల్లోనూ కొనసాగుతున్నది. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2017లో అమలులోకి వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం అగ్నిమాపక, అంబులెన్స్, పోలీసు వాహనాలకు రోడ్డుపై ప్రాధాన్యం ఉంది. అత్యవసర విధిలో ఉన్నపుడు అవి వేగ పరిమితిని దాటవచ్చును, ఎర్ర దీపాన్ని జాగ్రత్తగా దాటవచ్చును. అయితే సైరన్ మోగుతూ, పై దీపం వెలుగుతూ ఉండాలి; డ్రైవర్ బాధ్యతతో నడపాలి. అంటే మినహాయింపు యూనిఫాంకు కాదు, వాహనం మీది నెంబరుకూ కాదు. ఆ నిమిషంలో ఉన్న అత్యవసరానికి, ఆ అత్యవసరాన్ని ఎదుటివారికి తెలియజేసే సంకేతానికి మాత్రమే. సైరన్ లేని అద్దె కారులో మఫ్టీలో ప్రయాణించే దర్యాప్తు బృందానికి రోడ్డుపై మామూలు పౌరుడికి ఉన్న హక్కులే ఉంటాయి. ఎందుకంటే ముందున్న లారీ డ్రైవర్‌కు అది మరొక కారు మాత్రమే.

2017 మే 1 నుంచి మంత్రుల, అధికారుల కార్లపై బుగ్గలను తొలగించడం వల్ల ఒక మేలు జరిగింది. రోడ్డుపై మెరిసే దీపానికి, సైరన్‌కు పోయిన విలువ కొంత తిరిగి వచ్చింది. అత్యవసర వాహనానికి దారి ఇవ్వనివారికి 6 నెలల వరకు జైలు లేదా రూ.10,000 జరిమానా లేదా రెండూ విధించవచ్చునని 2019 సవరణ చట్టం పేర్కొంటున్నది. అదే సవరణలో పాత్రికేయుల దృష్టికి అంతగా రాని మరొక సెక్షన్ ఉంది. చట్టాన్ని అమలు చేయవలసిన అధికార యంత్రాంగమే దానిని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు. 210-బి సెక్షన్ కింద ఇది అమలులో ఉన్నది.

ఇక లారీల సంగతి. కేంద్రం 2018 ఏప్రిల్‌లో ప్రకటించిన గరిష్ఠ పరిమితుల ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డుపై కార్లకు గంటకు 100 కిలోమీటర్లు, సరుకు వాహనాలకు 80 కిలోమీటర్లు. ఇతర రోడ్లపై కార్లకు 70, సరుకు వాహనాలకు 60. బరువుతో ఎత్తు ఎక్కుతున్న లారీ వేగం ఇందులో సగానికి కూడా చేరదు. కాబట్టి ఒకే దిశలో వెళ్లే రెండు వాహనాల మధ్య వేగంలో ఇంత వ్యత్యాసం తప్పనిసరిగా ఉంటుంది. ఆ వ్యత్యాసాన్ని ప్రమాదంగా మారకుండా ఆపేది లేన్ ఒక్కటే. నెమ్మదిగా వెళ్లేది ఎడమ లేన్‌లో ఉండాలి. దాటేది కుడివైపు నుంచి దాటి తిరిగి ఎడమకు రావాలి.

వాస్తవంలో నాలుగు లేన్ల రోడ్లపై లారీలు అధికంగా డివైడర్ పక్క లేన్‌నే పట్టుకుని వెళుతుంటాయి. దీనిని కేవలం నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. ఎడమ లేన్‌లో ఎదురు దిశలో వచ్చే మోటార్ సైకిల్, ఆగి ఉన్న ఆటో, గ్రామం నుంచి ఒక్కసారిగా రోడ్డెక్కే ట్రాక్టర్, పశువులు, చెడిపోయి నిలిచిన మరో లారీ ఎదురవుతాయి. ఇరవై, ముప్పై టన్నుల బరువును ప్రతిసారీ ఆపి మళ్లీ కదిలించడం కంటే కుడి లేన్‌లో నిలకడగా పోవడమే లారీ డ్రైవర్‌కు క్షేమంగా తోస్తుంది. అతని లెక్క అతనికి సరిగానే ఉంటుంది. అయితే దాని ఫలితంగా వెనుక వేగంగా వచ్చే వాహనం ఎడమవైపు నుంచి దూరవలసి వస్తుంది. లారీ డ్రైవర్‌కు ఎడమ పక్క, ప్రత్యేకించి క్యాబిన్‌కు దిగువన ఉన్న భాగం, అద్దంలో కనిపించదు. అతను సైరన్ విని దారి ఇద్దామని ఎడమకు తిప్పిన క్షణంలోనే పోలీసు వాహనం ఎడమవైపు నుంచి దూసుకువస్తే, మర్యాద పాటించినవాడే ప్రమాదానికి కారకుడవుతాడు.

కనుక దారి ఇచ్చేవాడికి, దారి తీసుకునేవాడికి మధ్య మాటలు లేని ఒప్పందం ఒకటి ఉండాలి. లారీ ఎడమకు జరుగుతుంది, పోలీసు వాహనం కుడి నుంచే వెళుతుంది అన్నదే ఆ ఒప్పందం. పోలీసు వాహనం ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి, మరోసారి మార్జిన్ మీదుగా వెళ్లే పక్షంలో సైరన్ విన్న లారీ డ్రైవర్ ఎటూ కదలక నడిమధ్యనే ఉండిపోతాడు. లారీలు దారి ఇవ్వడం లేదన్న పోలీసుల ఫిర్యాదులో కొంత భాగం ఇలా పోలీసులు స్వయంగా తయారుచేసుకున్నదే.

డివైడర్ లేని రెండు లేన్ల రోడ్లపై పరిస్థితి మరింత సున్నితం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 12 మీటర్ల లారీని 100 కిలోమీటర్ల వేగంతో దాటడానికి, వెనుక 30 మీటర్ల నుంచి ముందు 30 మీటర్ల వరకు లెక్కిస్తే, సుమారు 7 సెకన్లు పడుతుంది. ఆ 7 సెకన్లలో కారు దాదాపు 195 మీటర్లు వెళుతుంది. ఎదురుగా 60 కిలోమీటర్ల వేగంతో మరో లారీ వస్తుంటే అది 117 మీటర్లు దగ్గరవుతుంది. అంటే 300 మీటర్లకు మించి రోడ్డు ఖాళీగా కనిపించాలి. రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగు అందులో సగం దూరం కూడా చూపదు. సైరన్‌కు దారి ఇప్పించే శక్తి ఉన్నది గాని, మలుపు అవతల ఏముందో చూపించే శక్తి లేదు.

ఆగే దూరం సంగతీ అంతే. పొడి రోడ్డు, మంచి బ్రేకులు, ఒక సెకనులో స్పందించే డ్రైవర్ ఉన్నారనుకుంటే, కారు 80 కిలోమీటర్ల వేగంలో సుమారు 58 మీటర్లలో, 100లో 84 మీటర్లలో, 120లో 114 మీటర్లలో ఆగుతుంది. నిద్రమత్తులో స్పందన మరొక్క సెకను ఆలస్యమైతే 120 వేగంలో ఇంకో 33 మీటర్లు కలుస్తాయి. దీనికి ప్రతిగా లభించే సమయమెంత? తిరుపతి నుంచి చిత్తూరుకు సుమారు 70 కిలోమీటర్లు. దారి పొడవునా ఆటంకమే లేదనుకున్నా, 100కు బదులు 120 వేగంతో వెళితే మిగిలేది 7 నిమిషాలు.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని, వారిలో 70 శాతానికి పైగా అతివేగం ఖాతాలోనివేనని కేంద్ర రవాణా శాఖ నివేదిక తెలియజేస్తున్నది. అయితే అతివేగం అన్న ఒక్క మాటతో కేసు ముగించడం వల్ల దాని వెనుక ఉన్న అలసట నమోదు కాకుండా పోతున్నది. పత్రికల్లో సైతం వాహనం అదుపు తప్పింది అన్న వాక్యంతో వార్త పూర్తవుతుంది. డ్రైవర్ అంతకుముందు ఎన్ని గంటలు మేల్కొని ఉన్నాడన్న ప్రశ్న అరుదుగానే వినిపిస్తుంది.

ఈ విషయంలో లారీ డ్రైవర్‌కు కాగితం మీదనైనా ఒక రక్షణ ఉంటూ వచ్చింది. ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న రవాణా సంస్థలకు 2025 వరకు వర్తించిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పనిని, ఏకధాటిగా 5 గంటలు నడిపితే అరగంట విశ్రాంతిని నిర్దేశించింది. పోలీసు డ్రైవర్ ఆ చట్టం పరిధిలోకి వచ్చేవాడు కాదు. రాష్ట్రంలోని పలు జిల్లాల్లో పోలీసులు అర్ధరాత్రి దాటాక లారీలను ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే మంచి కార్యక్రమాన్ని నిర్వహించారు. నీళ్ల బిందెతో రోడ్డు పక్కన నిలిచిన ఆ సిబ్బంది, తమ శాఖ వాహనాన్ని కూడా ఆపి అదే విధంగా నీళ్లందించే ఏర్పాటు ఉంటే బాగుండును.

బ్రిటన్ అనుభవం ఇక్కడ ప్రస్తావనార్హం. అక్కడ కూడా పోలీసు వాహనాలకు వేగ పరిమితి నుంచి చట్టపరమైన మినహాయింపు ఉన్నది. అయితే ఆ మినహాయింపును శిక్షణతో ముడిపెట్టారు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం పోలీసు డ్రైవర్ తీరును సాధారణ డ్రైవర్‌తో కాక, అదే శిక్షణ పొందిన జాగ్రత్తపరుడైన పోలీసు డ్రైవర్ ఏం చేసి ఉండేవాడో దానితో పోల్చి చూస్తారు. ఇది ఒకవైపు పోలీసుకు రక్షణ, మరోవైపు శిక్షణ లేనివాడి చేతికి వేగాన్ని అప్పగించరాదన్న హెచ్చరిక.

ఇందుకు కొత్త చట్టాలు గాని, పెద్ద నిధులు గాని అవసరం లేదు. సుదూర ప్రయాణానికి రెండో డ్రైవర్‌ను పంపడం, అర్ధరాత్రి బయలుదేరవలసిన అత్యవసరం నిజంగా ఉన్నదా అని ఉత్తర్వు ఇచ్చే అధికారి ఒకసారి ఆలోచించడం, వెనుక సీట్లో కూర్చున్నవారు సైతం బెల్టు ధరించడం ఏ యూనిట్‌లోనైనా రేపటి నుంచే మొదలు పెట్టదగినవి. లారీల విషయంలో జరిమానాకు ముందు ఎడమ లేన్‌ను ఖాళీ చేయించడం అవసరం. మార్జిన్‌లో నిలిచిన లారీని తొలగించకుండా, ఎదురు దిశలో వచ్చే మోటార్ సైకిళ్లను ఆపకుండా, లారీలను ఎడమకు వెళ్లమనడం న్యాయం కాదు.

వేగాన్ని పట్టుకోవడానికి ప్రతిసారీ రాడార్ తుపాకీ కూడా అక్కరలేదు. ప్రతి ప్రభుత్వ వాహనంలో లాగ్ బుక్ ఉంటుంది. అందులో బయలుదేరిన సమయం, చేరిన సమయం, మీటర్ అంకెలు నమోదవుతాయి. సుమారు 250 కిలోమీటర్లున్న బెంగళూరు - తిరుపతి ప్రయాణం 3 గంటల్లో ముగిసినట్లు రాసి ఉంటే సగటు వేగం 83 కిలోమీటర్లు. టోల్ గేట్లు, ఘాట్, ఊళ్లు దాటుతూ ఆ సగటు రావాలంటే ఖాళీ రోడ్డు మీద ముల్లు ఎక్కడ నిలిచి ఉంటుందో ఆ పుస్తకంపై సంతకం చేసే అధికారికి తెలియనిది కాదు.