ఏ సగటు?

పేటెంటు క్లెయిములోని (హక్కు హద్దులు చెప్పే వాక్యంలోని) మాట స్పష్టంగా ఉందో లేదో తేల్చేటప్పుడు, సాక్షుల్ని విన్న కింది జడ్జి మాట అపీలు కోర్టు ఎంతవరకు వినాలి? అమెరికాలో ఈ తగాదా కోపాక్సోన్ అనే మందు దగ్గర ముదిరింది. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వాడే టెవా కంపెనీ మందు అది. జనరిక్ తయారుచేయబోయి ప్రతివాదులైనవాళ్లలో మన హైదరాబాద్ నాట్కో కూడా ఉంది.

క్లెయిములో అణుభారం 5 నుంచి 9 కిలోడాల్టన్లు అని రాశారు. ఈ మందులో అణువులన్నీ ఒకే సైజులో ఉండవు కాబట్టి ఏదో ఒక సగటు చెప్పుకోవాలి. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే అణువు భారం ఒకటి. మొత్తం బరువును అణువుల సంఖ్యతో భాగిస్తే వచ్చేది మరొకటి. బరువైన అణువులకు ఎక్కువ విలువిచ్చి కట్టేది మూడోది. ఒకే మందుకు మూడు అంకెలు! ఏ లెక్కో క్లెయిములో రాయలేదు.

మొదటి లెక్కేనని టెవా నిపుణుడు చెప్పాడు. పేటెంటులోని బొమ్మలో శిఖరాలు అక్కడే రాసిన సగటు అంకెలకు సరిగ్గా కుదరకపోతే, డేటాను వక్రరేఖగా మార్చేటప్పుడు అవి కాస్త జరుగుతాయని వివరించాడు. కింది జడ్జి నమ్మారు. 2013లో ఫెడరల్ సర్క్యూట్ అపీలు కోర్టు ఆ నమ్మకాన్ని లెక్కచేయకుండా క్లెయిమును అస్పష్టమని కొట్టేసింది. 2015 జనవరిలో సుప్రీంకోర్టు 7-2తో అడ్డుకుంది: సాక్ష్యం మీద కింది జడ్జి తేల్చిన వాస్తవాన్ని స్పష్టమైన పొరపాటు ఉంటే తప్ప కదపొద్దు, పేటెంటు కాగితాలను మాత్రం కొత్తగా చదవొచ్చు. సబబైన తీర్పే. అంతకు ముందు ఏడాది నాటిలస్ కేసులో ఇదే కోర్టు, ఆ రంగం తెలిసినవాడికి క్లెయిము పరిధి తగినంత నిశ్చయంగా తెలియాలని కొలబద్ద పెట్టింది.

కేసు వెనక్కి వచ్చాక అపీలు కోర్టు ఆ కొలబద్దతో దరఖాస్తు ఫైళ్లు తిరగేసింది. తర్వాతి రెండు అనుబంధ పేటెంట్ల దరఖాస్తుల్లో పరిశీలకులు ఇదే ప్రశ్న వేస్తే, టెవా ఒకచోట మూడో లెక్క అంది, ఇంకోచోట మొదటిది అంది. రెండుచోట్లా ఆ జవాబుతో పరిశీలకులు తమ అభ్యంతరాన్ని వెనక్కి తీసుకున్నారు! ఒకటి పొరపాటున రాశామని టెవా వాదించినా నిలవలేదు. 2015 జూన్‌లో 2-1తో క్లెయిము మళ్లీ చెల్లకుండా పోయింది.

కింది జడ్జి తేల్చింది తప్పని చూపకుండా ఎలా కొట్టేస్తారని విభేదించిన జడ్జి అడిగారు. తీసిపారేసే అభ్యంతరం కాదది. అయినా ఆ రెండు జవాబులూ టెవా తరఫున రాసి ఇచ్చినవే, అవి ఒకదానికొకటి పొసగవని చూడటానికి సాక్షి అక్కర్లేదు.