వైద్యశాలకు బాధ్యులెవరు?

రుసుము చెల్లింపజాలనివానికి సైతము వైద్యము నిరాకరింపరాదని 1946లో భోర్ సంఘము తన నివేదికయందు ఉద్ఘోషించెను. 10,000 మొదలు 20,000 జనమునకు 75 పడకల వైద్యశాల యుండవలెనని దీర్ఘకాల ప్రణాళికయు రచించెను. నేడు మైదానప్రాంతమున 30,000 మందికి ఒక ప్రాథమికారోగ్య కేంద్రము. అందు పడకలు ఆరు!

ఈ లోపమునకు బాధ్యులెవరు? రాజ్యాంగము ప్రజారోగ్యమును, ఆసుపత్రులను రాష్ట్రముల జాబితాలో నుంచినది. కాని 2005లో పుట్టి 2013లో విస్తరించిన జాతీయారోగ్య మిషనుకు నియమములు ఢిల్లీలో నేర్పడును. పెక్కు రాష్ట్రములకు నూటికి 60 వంతుల ధనము నటనుండియే వచ్చును. వైద్యుడు లేడన్నచో కేంద్రము రాష్ట్రమును, రాష్ట్రము కేంద్రమును చూపును. వ్రేలు చూపు విద్యయందు మాత్రము మన ప్రభుత్వములకు కొరత లేదు.

ప్రతి కేంద్రపు గోడపైనను, ఖాళీని పూరింపవలసిన అధికారి హోదాయు, గడువును వ్రాయింపవలెనని మేము కోరుచున్నాము. గడువు దాటినచో ఆరోగ్యమంత్రి శాసనసభలో సంజాయిషీ చెప్పుకొనవలెను.